మేత ముట్టని చేప

తొట్ల పక్క ఇల్లు,
ఎండలు ముదురుతున్న రోజులు

వదినకి,

ముందుగా నా రాతకి, అందులోని తప్పులకి క్షమించు. ఐదో తరగతి దాటలేదని నీకు తెలుసు. ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచనిచోట పెట్టకుండా వదిలేస్తున్నాను, నువ్వే తగిలించుకుని చదువుకో. బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఒకవైపుకి వాలిపోతున్నాయి. ఆయన పనిచేసే చేపపిల్లల కేంద్రం ఆఫీసులో టెలిఫోను ఉంది కానీ నేను దాని దగ్గరకి వెళ్ళి నిలబడితే చాలు, గుమాస్తాలు కలాలు ఆపేస్తారు. అందుకని చేపపిల్లల వ్యాను డ్రైవరుకి ఇస్తున్నాను. మీ వీధి మీదుగానే వెళ్తాడట.

ఇల్లు రెండు గదులు. కిటికీ తీస్తే వరసగా సిమెంటు తొట్లు, వాటి వెనక చెరువులు, మధ్యలో బావిలాంటి గుండ్రటి తొట్టి ఒకటి. మోటారు చప్పుడు ఆగితే నాకు మెలకువ వస్తుంది, అంత అలవాటైంది. అత్తయ్య మంచిదే. గొంతు మాత్రం చెరువు అవతలివాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఇక ఆయన సంగతి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ మోటారు గదిలోనే పడుకుంటున్నారు. గుడ్ల కాలం దగ్గర పడుతోంది, నీళ్ళని కనిపెట్టుకుని ఉండాలి అంటారు. నాతో మాట్లాడరు. నేనూ మాట్లాడను, నా సంగతి తెలిసిందేగా, కొత్తవాళ్ళ ముందు నా నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. కానీ పూటపూటా గుమ్మం దగ్గర నిలబడి వాళ్ళ అమ్మని ఒకే మాట అడుగుతారు. "తిందా? ఎంత తింది?" అంతే. జవాబు విని తొట్ల వైపు వెళ్ళిపోతారు.

నా తిండి మీదే ఆయన కళ్ళన్నీ. మొదట్లో రెండోసారి వడ్డించుకునేదాన్ని. ఇప్పుడు మానేశాను. రోజుకింత చొప్పున తగ్గిస్తూ వస్తున్నాను, అయినా అడగడం మానలేదు. అత్తయ్యకి మాత్రం నేనంటే మురిపెం పెరిగింది. మా కోడలిది పిచ్చుక పొట్ట అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటోంది. ఆ పిచ్చుకకి ఆకలేస్తోంది వదినా. అన్నయ్యకి చెప్పకు.

నీ మరదలు


మిషను ముందునుంచి,
ఎండ గుమ్మంలోకి వచ్చిన వేళ

ఏమే పిచ్చుకా,

నీ ఒత్తులన్నీ తగిలించుకున్నాను. రెండు మిగిలిపోయాయి, ఈ ఉత్తరంలో వాడేస్తాను.

కట్టుకున్నదాని ముద్దలు లెక్కపెట్టే మొగుణ్ణి నేను చూడలేదు. పెళ్ళినాడు చూస్తే అలా అనిపించలేదే. సూదిలో దారం ఎక్కించేవాడిలా తల వంచుకుని కూర్చున్నాడు, పాపం మంచివాడు అనుకున్నాను. అంత పిసినారి అయితే ఆ మెడ అంత వంగదు. నువ్వు కడుపు మాడ్చుకోవడం మాత్రం ఇవ్వాళే ఆపు. నీకు కుట్టిన జాకెట్లన్నీ వదులైపోతాయి, మళ్ళీ నేనే కదా కుట్లు వెయ్యాలి.

మోటారు గది సంగతి చెప్పు. ఆ మోటారు నీకంటే అందంగా ఉంటుందా? ఎప్పుడూ రొద పెట్టే దాన్ని పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు, నోట్లోంచి మాట రాని నీ దగ్గరకి రావడానికి ఏం కష్టం? నాకేమీ అర్థం కాలేదు.

మగవాడి నోరు తెరిపించడానికి ఒకటే తాళంచెవి. వాడి పని గురించి అడగాలి. కాపురానికి వచ్చిన కొత్తల్లో మీ అన్న కూడా ఉలుకూ పలుకూ లేకుండా సైకిళ్ళ కొట్టు నుంచి వచ్చి, తిని, పడుకునేవాడు. ఒకరోజు, చైను ఎందుకు జారుతుందండీ అని అడిగాను. అప్పటినుంచి ఆపడం నా వల్ల కావడం లేదు. నువ్వు చేపల గురించి అడుగు. మొహం చూడలేకపోతే తొట్టిని చూస్తూ అడుగు. చేపకి నీ సిగ్గుతో పనిలేదు.

ఏమన్నాడో మాట పొల్లుపోకుండా రాయి. కుట్టుపనికి వచ్చినవాళ్ళందరూ కథ ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నారు. (లేదులే, ఎవరికీ చెప్పలేదు. ఒక్క బొత్తాల కొట్టు ఆవిడకి తప్ప.)

నీ వదిన


తొట్ల పక్క ఇల్లు,
ఆకాశంలో ఒక్క మబ్బూ లేదు

వదినకి,

బొత్తాల కొట్టు ఆవిడకి చెప్పినందుకు నీతో మాట్లాడకూడదు కానీ, చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు.

అడిగాను. ఆయన ఇంటి పక్క తొట్టి దగ్గర వల కడుగుతుంటే, బిందె నింపుకునే వంకతో వెళ్ళాను. చేపలు ఎప్పుడు గుడ్లు పెడతాయండీ అన్నాను. బిందెతో అన్నాను, ఆయనతో కాదు. వల కడగడం ఆపేశారు. ఎవరు మాట్లాడారా అని ఒకసారి చుట్టూ చూశారు కూడా.

తరవాత వదినా, ఇంక ఆగలేదు. అన్నిటికీ ఒకే కాలం కాదట. బంగారుతీగ చలి తగ్గగానే నాచుకి గుడ్లు అంటించేస్తుందట, వానల్లో మళ్ళీ ఇంకోసారి. అందుకే డ్రైవరు వ్యాను ఇప్పటినుంచే తిరుగుతోంది. కొర్రమీను చెరువు అంచున గడ్డి తప్పించి చోటు చేసుకుంటుందట. గుడ్లు పెట్టాక మగది వాటి కిందే కాపలా ఉంటుందట, కాలు పెడితే వేలు కొరకడానికి కూడా వస్తుందట. బొచ్చె, శీలావతి మాత్రం మహా పట్టుదల మనుషులు. ఎండాకాలమంతా కడుపునిండా గుడ్లు పెంచుకుంటాయి, నిలవ నీళ్ళలో మాత్రం ఒక్కటీ పెట్టవు. వాన పడాలి, కొత్త నీరు రావాలి, ఆ నీరు పరుగెత్తాలి. అందుకే గుండ్రటి తొట్టి కట్టారు, అందులో నీళ్ళు ఏరులా తిరుగుతాయి. సూదిమందు వేసినా కాలం కాకపోతే లాభం లేదు. కాలం దాటిపోతే ఆ గుడ్లు కడుపులోనే కరిగిపోతాయట.

ఇంత చెప్పారు, తొట్టిని చూస్తూనే. బిందె నిండి నా కాళ్ళ మీద పొర్లుతోంది, నేనూ కదలలేదు. ఆ తరవాత రోజూ నీళ్ళకి వెళ్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు ఖాళీ గిన్నె లేదు. గ్లాసుల్లో కూడా నీళ్ళే. అత్తయ్య నన్ను వింతగా చూస్తోంది.

ఇదంతా చదివి నువ్వు నవ్వుతుంటావు. ఇక్కడితో ఆపు. నిన్న గిన్నె పట్టుకుని వెళ్తుంటే గోడ అవతల ఆయన డ్రైవరుతో అంటున్నారు. "కొత్తగా తెచ్చినది ఇంకా కుదురుకోలేదు. మేత ముట్టడం లేదు. వానలు పడేదాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే తెచ్చిన చోటే వదిలేస్తాను."

కొత్తగా తెచ్చింది నన్నే కదా. నా అన్నాన్ని మేత అన్నారు వదినా. తిన్నానా అని రోజూ అడిగింది నన్ను తోలెయ్యడానికి వంక వెతుక్కుంటూనా? తింటే ఒక తప్పు, తినకపోతే ఒక తప్పు. నన్ను పంపేస్తే ఏ మొహం పెట్టుకుని మీ గుమ్మం ఎక్కను? అంతకంటే, నాకు వెళ్ళాలని లేదు. ఆ మాట నీకే రాస్తున్నాను. కొర్రమీను కాపలా సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆకలి ఆగక చేపల మేత తింటున్నాను. కొట్టుగదిలో వేరుశనగ చెక్క బస్తాలు ఉంటాయి, నూనె తీశాక మిగిలే పిప్పి. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు వెళ్ళి ఓ ముక్క విరుచుకుని నములుతాను. నమ్ముతావో లేదో, బాగానే ఉంటుంది. పళ్ళకే పని ఎక్కువ.

నీ మరదలు


మిషను ముందునుంచి,
నిలబడి రాస్తున్నాను, కూర్చునే తీరిక లేదు

ఓసి పిచ్చిమొహమా,

నీ ఉత్తరం, మీ ఆయన కబురు ఒకే వ్యానులో దిగాయి. ఉత్తరం నా చేతికి, కబురు మీ అన్న చెవికి. అదీ వచ్చిన చిక్కు.

డ్రైవరు కొట్టు ముందు వ్యాను ఆపి, చెల్లెలు తిండి మానేసింది, అక్కడి నీళ్ళు పడ్డట్టు లేదు, మనిషి సగమైపోకముందే వచ్చి తీసుకెళ్ళమన్నాడు అని మీ అన్నతో చెప్పాడు. మీ అన్న చేతిలోని పంపు కింద పడేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. బయల్దేరతానంటాడు. ఒక్కగానొక్క చెల్లెల్ని ఉప్పునీళ్ళలో పడేశామంటాడు. ఉప్పునీళ్ళు కాదండీ, అవి మంచినీళ్ళ చేపలు అన్నాను. వినలేదు.

నేను డ్రైవరుని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా లాగాను. నువ్వు గోడ పక్కన విన్నది చేప గురించే. ఏటి నుంచి తెచ్చిన తల్లిచేప ఒకటి తొట్టిలో మూల పట్టి, మేత ముట్టడం లేదట. దాన్ని తిరిగి ఏట్లో వదిలేస్తానన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తరవాత నిట్టూర్చి, మా ఇంట్లోనూ అదే వరస అన్నాడట. అప్పుడే ఈ కబురు అప్పజెప్పాడట.

ఇప్పుడు అర్థమైందా? ఆ మహానుభావుడికి వచ్చిన భాష ఒకటే. ముద్దలు లెక్కపెట్టింది పిసినారితనంతో కాదే. నువ్వు కుదురుకున్నావో లేదో చూసుకుంటున్నాడు. నువ్వేమో ఆయన అడిగినకొద్దీ తగ్గించుకుంటూ పోయావు. నువ్వు తగ్గించినకొద్దీ ఆయన దూరం జరిగాడు. ఇలాంటి ఇద్దర్ని వెతికి ముడిపెట్టింది ఎవరో గానీ, వాళ్ళకి నేను దణ్ణం పెడతాను.

మీ అన్నని ఆపడం నా చేతనైనంత చేశాను. ఆయనకి ఊరికి వేసుకెళ్ళే చొక్కా ఒకటే ఉంది. కాలరు సరిగ్గా లేదండీ, కాస్త సర్దుతాను అని తీసుకుని, మొత్తం కుట్లు విప్పేశాను. చేతులు ఒకచోట, జేబు ఒకచోట ఉన్నాయి. మళ్ళీ కుట్టమని తల మీద కూర్చున్నాడు. నాకు ఇవ్వాళ దారం దొరకలేదు. రేపు సూది విరుగుతుంది. ఆ తరవాత ఏం చెయ్యాలో ఇంకా తోచలేదు, కాబట్టి నువ్వు తొందరపడు.

ఆయన కళ్ళ ముందు కూర్చుని తిను. రెండోసారి వడ్డించుకో. మూడోసారి అడుగు. చెక్క కాదు, అన్నం.

నీ వదిన


తొట్ల పక్క ఇల్లు,
గాలి మారింది

వదినకి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు బియ్యం డబ్బా మీదే కూర్చుండిపోయాను. నవ్వు రాలేదు. కన్నీళ్ళూ రాలేదు. ఆకలి మాత్రం వేసింది.

నువ్వు చెప్పినట్టే చేద్దామని ఆ పూట ఆయన గుమ్మంలోకి వచ్చే వేళకి కంచం ముందు కూర్చున్నాను. కలుపుకున్నాను. రెండోసారి పెట్టమని అత్తయ్య వైపు చూశాను. చూశానంతే, అడగలేకపోయాను. అత్తయ్య ఆ చూపుని చాలన్నట్టు అనుకుని కంచం తీసేసింది. తీసేస్తూ, చూశావురా, ఇదీ మీ ఆవిడ తిండి అని కొడుక్కి గొప్పగా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. నేను చెయ్యి కడుక్కున్నాను.

తరవాత ఎక్కడికి వెళ్ళానో నీకు తెలుసు. కొట్టుగదిలో బస్తా మీద కూర్చుని, పెద్ద ముక్క విరిచి, రెండు బుగ్గలూ నింపుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఆయన. బుట్ట పట్టుకుని మేతకి వచ్చారు.

మింగుదామంటే చెక్క మింగుడు పడదు. ఉమ్ముదామంటే ఎదురుగా ఆయన.

"బస్తా తరుగుతోంది నీ వల్లా?" అన్నారు. ఏటి చేప ఉన్న ఇంటి పక్క తొట్టికి మేత వేసేది అత్తయ్య. బస్తా తగ్గడం చూసి, ఏటి చేప మేత పట్టిందని ఆయన రెండ్రోజులుగా సంతోషపడుతున్నారట.

తల ఊపాను. ఆయన ఎదుటి బస్తా మీద కూర్చున్నారు. నేను నమిలేదాకా ఆగారు. చాలాసేపు పట్టింది. అప్పటికి నోరు ఖాళీ అయింది, ఇంక మాట్లాడక తప్పలేదు. రోజూ నా తిండి ఎందుకు అడిగేవారు అన్నాను.

"కొత్త నీళ్ళకి తెచ్చినది మేత ముట్టేదాకా దగ్గరికి వెళ్ళకూడదు. బెదురుతుంది. ఒంట్లో ఉన్నదంతా పోతుంది."

"నేను చేపనా?"

ఆయన నిజంగానే ఆలోచించారు వదినా. నేల చూస్తూ, బుట్ట తిప్పుతూ, ఆలోచించి చెప్పారు. "చేపవైతే నాకు తెలిసేది."

అప్పుడు నవ్వు వచ్చింది. నాకు ముందు, ఆయనకి తరవాత. చెక్క పొడి గొంతులో పడి నాకు పొలమారింది. వీపు తట్టారు. మేము ఒకరినొకరు తాకడం అదే మొదలు. ఎవరైనా అడిగితే ఏమని చెప్పను, పొలమారి మొదలైందని చెప్పుకోవాలి.

నన్ను పంపెయ్యకండి అన్నాను. ఆ ఒక్క మాట కోసం ఎన్ని బిందెలు నింపానో. ఆయన చెక్కలోంచి చిన్న ముక్క విరిచి అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపారు. కడుపు నిండిపోయింది, అయినా తిన్నాను.

మర్నాడు అత్తయ్య ముందు మూడుసార్లు వడ్డించుకున్నాను. మూడోసారి ఆవిడ గరిటె గాల్లో ఆగిపోయింది. మా కోడలికి ఎవరో దిష్టి తీశారు అని పక్కింట్లో చెప్పింది. సాయంత్రానికి మోటారు గదిలోని పరుపు చుట్ట ఇంట్లోకి వచ్చింది. అత్తయ్య దాన్ని చూసి, లోపల ఉక్కగా ఉందంటూ తన పరుపు తీసుకుని వరండాలోకి వెళ్ళింది. ఉక్క లేదు. గాలి బాగా వీస్తోంది.

ఇంతకంటే రాయను. అన్నయ్య చొక్కా కుట్టెయ్యి పాపం.

నీ మరదలు


మిషను ముందునుంచి,
చూరు కారుతోంది

మరదలు పిల్లా,

చొక్కా కుట్టెయ్యమని నీ ఉత్తరం వచ్చేసరికి చొక్కాతో పనే లేకపోయింది. మీ అన్న ఆగలేక బనీను మీద నా కోటు తొడుక్కుని వ్యాను ఎక్కేశాడు. అవును, పూలున్న కోటే. వానకి ఎవరు చూస్తారులే అన్నాడు.

మర్నాడు తిరిగొచ్చాడు. నువ్వు వెంట లేవు. తడిసి ముద్దయిపోయి, కళ్ళు ఎర్రగా చేసుకుని, గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏమైందండీ అంటే, "చిన్న చొక్కాలు కుట్టు" అన్నాడు. ఎంత చిన్నవి అంటే చేత్తో చూపించాడు. జానెడు.

ఏమే. మొన్న మొన్న పొలమారిందన్నావు. నాకు లెక్కలు రావు గానీ మరీ ఇంత రాకుండా పోలేదు. చేపలకి ఒక్క వానకే అయిపోతుందేమో, మనుషులకి అలా కాదని నాకు గుర్తు. మీ అన్నేమో వీధి వీధంతా చెప్పేశాడు. మా బావగారే స్వయంగా చెప్పారు, కదిపితే ప్రమాదమన్నారు అంటాడు. బొత్తాల కొట్టు ఆవిడ చిన్న బొత్తాలు ఊరికే పంపించింది. వెనక్కి ఇవ్వాలా, ఉంచుకోవాలా?

నిజం రాయి. అక్షరం దాచావంటే నేనే వస్తాను. నాకు వేసుకోవడానికి కోటు కూడా లేదు, తడిసింది ఇంకా ఆరలేదు.

నీ వదిన


తొట్ల పక్క ఇల్లు,
వాన తెరిపి ఇవ్వడం లేదు

వదినకి,

అక్షరం దాచను. తప్పంతా వాన చప్పుడిది. కొంచెం నాది.

అన్నయ్య వచ్చేసరికి మేమందరం గుండ్రటి తొట్టి దగ్గర ఉన్నాం. ముందు రోజే పెద్ద వాన పడి కొత్త నీరు వచ్చింది. ఏటి చేప కూడా మూలనుంచి ఇవతలికి వచ్చి మేత పట్టింది. ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని పొట్ట తడిమి చూసి, నా చేతిని కూడా అక్కడ పెట్టించారు. మెత్తగా, పండిన పండులా ఉంది. సూదిమందు వేసి, మగవాటితో కలిపి తొట్టిలో వదిలారు. నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, పైనుంచి వాన, పక్కన మోటారు. చెవిలో అరిస్తే గానీ వినపడదు.

గట్టు మీదనుంచి అన్నయ్య కేక వేశాడు, ఎలా ఉందీ అని. నన్నడిగాడు. ఆయనకి చేపని అడిగినట్టు వినపడింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, తల తిప్పకుండా చెప్పారు.

"బాగా తింటోంది బావగారూ. కడుపు మెత్తబడింది. ఈ వానల్లోనే అయిపోతుంది. ఇప్పుడు మాత్రం కదపకూడదు."

అన్నయ్య అలాగే గట్టు మీద కూర్చుండిపోయాడు. నీ కోటు పూలమీదుగా నీళ్ళు కారుతున్నాయి. మా చెల్లెలే అని ఒకసారి అన్నాడు, అంతే. నేను బుట్ట పట్టుకుని ఆయన వెనకే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పబోయాను కూడా. చెబితే అన్నయ్య నన్ను వ్యాను ఎక్కించేవాడు, ఆ సంగతి తట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నాను. సిగ్గు నాకు ఎప్పుడూ అడ్డమే వచ్చింది కదా, ఒక్కసారైనా పనికొచ్చింది. అన్నయ్య నా నెత్తి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆయనకి ఇప్పటికీ తెలియదు. మీ అన్నయ్యకి చేపలంటే ఇంత ప్రేమా, కళ్ళు తుడుచుకున్నాడు అని అడిగారు.

ఏటి చేప గుడ్లు పెట్టేసింది. నీళ్ళంతా గాజుపూసలు తిరిగినట్టుంది. ప్రతి పూసలో ఒక చుక్క. ఒకటి దోసిట్లోకి తీసుకుని దగ్గరగా చూస్తే ఆ చుక్క తోకతో తన్నింది. నేను జడుసుకుని ఆయన మీద పడ్డాను. అత్తయ్య చూసి, గట్టు జారుడుగా ఉంది జాగ్రత్తమ్మా అని అటు తిరిగి నిలబడింది.

కాబట్టి వీధిలో వాళ్ళు అనుకుంటున్నది అబద్ధం. ఈ ఉత్తరం రాస్తున్నప్పటికి అబద్ధం. నువ్వు దాన్ని ఖండించాల్సిన పనిలేదు, నేనూ ఖండించను. ఆయన చెప్పింది విన్నావుగా, కొన్నిటికి వానల్లో రెండోసారి కూడా కాలం ఉంటుందట. బొత్తాలు వెనక్కి ఇవ్వకు. చిన్న చొక్కాలు మెల్లగా కుట్టు, తొందరేమీ లేదు. మరీ మెల్లగా కూడా వద్దు.

ఇది చదవగానే కాల్చెయ్యి వదినా. మడిచి ఎక్కడో దాచిపెట్టి, బొత్తాల కొట్టు ఆవిడ వచ్చినప్పుడు తీస్తావు, నాకు తెలుసు. పొయ్యిలో పెట్టు. మరీ మెల్లగా కూడా వద్దు అన్న మాట కాలిందో లేదో నిలబడి చూడు.

నీ మరదలు